సమస్య: నీరు లేని చోట నీరు కారె

సీతమ్మధార (నిర్వాహకుడు):
మొన్న మధ్యాహ్నం మన విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఏసీ బస్సు దిగానో లేదో, కళ్లజోడు మీద తెల్లటి పొర కమ్మేసింది. వాన లేదు, చెమటైనా ఇంకా పట్టలేదు. టవల్‌తో అద్దాలు తుడుచుకుంటుంటే ఈ పాదం నోటికొచ్చింది. ఇంటికెళ్లేసరికి ఇంటర్ చదివే మా అమ్మాయి 'స్టీమీ' అనే ఇంగ్లిష్ మాటకు తెలుగేమిటని అడిగింది. 'ఆవిరితో నిండినది' అనబోయి ఆగాను. ఇంగ్లిష్‌వాళ్లకి వంటిల్లూ స్టీమీయే, ఉక్కపోసే రోజూ స్టీమీయే, సినిమాలో ప్రేమ సన్నివేశమూ స్టీమీయే. మూడింటికీ మనకు ఒక్క మాట అతకదు. అందుకే నియమం: ఆ మూడర్థాల్లో ఏదో ఒకటి పద్యంలో పలకాలి, ఆ ఇంగ్లిష్ మాట మాత్రం రాకూడదు. ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం, మిగతా మూడూ మీరు పూరించాలి.

భీమిలి అమ్మమ్మ:
కుడుము గిన్నె మూత కొంచెము తీయంగ
పొగలు లేచె నపుడు పొయ్యి మీద
అడుగు నీరు సుంత యంటని మూతలో
నీరు లేని చోట నీరు కారె

గాజువాక బాయిలర్:
అమ్మా, గుడ్డ కట్టిన గిన్నె మీద ఆవిరి కుడుము కళ్లకు కట్టింది. గణాలు (పాదంలోని అక్షరాల గుంపులు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదిరే పొత్తు) అన్నీ సరిపోయాయి. ఒక్క 'పొగలు' మాత్రం ఒప్పుకోలేను. పొగ నిప్పుది, ఆవిరి నీటిది. అసలు ఆవిరి కంటికి కనబడదు. మనకు తెల్లగా కనిపించేది అది చల్లబడి మారిన సన్నటి నీటి తుంపర. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లు దీన్ని ప్రాణభయంతో నేర్చుకుంటారు. ప్రెషర్ మీద లీకయ్యే ఆవిరి కనబడకుండానే చేయి కాల్చేస్తుంది. రెండో పాదం ఇలా మారిస్తే?

ఆవిరి పయికెగసి యంతలోన

భీమిలి అమ్మమ్మ:
మార్చేశాను నాయనా. ఎన్నో ఏళ్లుగా మూత దించుతున్నాను, పొగ అనే అంటున్నాను.

మధురవాడ కొత్త కలం:
కడలి గాలి లేక గడపలో నిలిచిన
ఒడలు తడిసె నుక్కపోతవలన
చినుకు లేదు గాని చెంపపై నుదుటిపై
నీరు లేని చోట నీరు కారె

ఎంవీపీ కాలనీ మాస్టారు:
బాబూ, మూడో పాదం చాలా బాగుంది. మే నెలలో మన ఊరు అచ్చం ఇదే. గాలిలో తేమ నిండిపోయి చెమట ఆరదు. ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది. అనంతపురంలో 40 డిగ్రీలకు ఒళ్లు ఎండిపోతే, ఇక్కడ 35కే చొక్కా వీపుకు అంటుకుపోతుంది. అయితే రెండో పాదంలో యతి తప్పింది. మొదటి అక్షరం 'ఒ', నాలుగో గణం 'పో'తో మొదలైంది. ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) అనుకుందామన్నా డకారానికి తకారం కుదరదు. ఇలా చూడండి:

ఒడలు తడిసె మిగుల నుక్కచేత

మధురవాడ కొత్త కలం:
ధన్యవాదాలు మాస్టారూ. రాత్రంతా ఆ పాదంతోనే టెన్షన్. 'ఉక్క'ను నాలుగో గణానికి జరిపితే చాలని తట్టలేదు.

లాసన్స్ బే సభ్యురాలు:
మూడో అర్థం ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను ప్రయత్నిస్తాను.

విరహ తాపమందు వెన్నెల వేడెక్కె
కబురు లేదు రేయి గడవదాయె
ఇసుక తిన్నె మీద నెదురుచూచిన కంట
నీరు లేని చోట నీరు కారె

నిర్వాహకుడు:
ఈ అర్థానికి సినిమా పేజీల్లో 'హాట్ సీన్' అని రాసేస్తారు. దానికి 'తాపం' అన్న మాట పట్టుకొచ్చారు చూడండి, నాకు చాలా సంతోషంగా ఉంది. ఆవిరిని ఇక్కడికి లాక్కొచ్చి ఉంటే పద్యం చెడేది. మనకు ఆశలు ఆవిరవుతాయి గానీ, ప్రేమ ఆవిరైందంటే పోయిందనే అర్థం.

ఎంవీపీ కాలనీ మాస్టారు:
ఛందస్సులో వంక లేదు. కానీ సమస్య పూర్తిగా విడిపోలేదమ్మా. కన్ను నీరు లేని చోటు ఎలా అవుతుంది? కన్నీరు కంట్లోంచి రావడంలో వింత లేదు కదా.

లాసన్స్ బే సభ్యురాలు:
నిజమే మాస్టారూ. ఏడ్చి ఏడ్చి ఇంకిపోయిన కన్నని మనసులో అనుకున్నాను, పాదంలోకి తేలేదు. మూడోది తీసేసి ఇది పెడుతున్నాను.

ఇసుక వలెనె యెండి యింకిన కంటిలో
నీరు లేని చోట నీరు కారె

భీమిలి అమ్మమ్మ:
ఇప్పుడు చదివితే గొంతు పట్టేసింది తల్లీ.