ఏసీ కంప్రెసర్ ఎత్తుకోవడం లేదు: స్టార్ట్ కిట్ పెట్టించాలా, వద్దా?

మున్నేరు గట్టు:
అందరికీ నమస్తే. మాది ఖమ్మం. ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ, ఇన్వర్టర్ కాదు, పాత రకం. ఇది తొమ్మిదో ఎండాకాలం. వారం రోజులుగా రాత్రి ఎనిమిదింటికి వేస్తే ఔట్‌డోర్‌లో ఫ్యాన్ తిరుగుతుంది గానీ కంప్రెసర్ ‘గుమ్’మని ఐదారు సెకన్లు మూలిగి టక్కున ఆగిపోతుంది. కాసేపాగి మళ్లీ అదే. పదకొండు దాటాక వేస్తే ఒక్కసారికే ఎత్తుకుంటుంది. పగలు అసలు ఇబ్బందే లేదు. స్టెబిలైజర్ ఉంది, దాని మీద 220 చూపిస్తుంది.

ఇద్దరు మెకానిక్‌లను పిలిచాను. ఒకాయన కంప్రెసర్ జామ్ అవుతోంది, మార్చాల్సిందే అన్నారు. ఇంకొకాయన స్టార్ట్ కిట్ అని చిన్న డబ్బా తగిలిస్తే చాలన్నారు. ఇద్దరూ పగలే వచ్చారు, ఇద్దరి ముందూ ఏసీ చక్కగా నడిచింది. నాన్నగారికి బైపాస్ అయి రెండు నెలలే. రాత్రిపూట ఆయన ఉక్కకు లేచి కూర్చుంటుంటే నాకు టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

తెనాలి మెకానిక్:
కిట్ పెట్టించండి అన్నా. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇదే పనిలో ఉన్నాను. తొమ్మిదేళ్ల కంప్రెసర్ కొంచెం బిగుసుకుంటుంది, మొదటి తిప్పుకు బలం చాలదు. కిట్‌లో ఉండే స్టార్ట్ కెపాసిటర్ ఆ ఒక్క క్షణం స్టార్టింగ్ వైండింగ్‌కు (మోటారును మొదట తిప్పే తీగచుట్టకు) అదనంగా కరెంటు ఇచ్చి తోస్తుంది, మోటారు తిరగ్గానే తప్పుకుంటుంది. కంప్రెసర్ మార్చడమంటే గ్యాస్‌తో కలిపి కొత్త ఏసీ ధరలో సగం దాకా పోతుంది. కిట్‌తో మూడు ఎండాకాలాలు లాగిన ఏసీలు మా ఊళ్లో బోలెడున్నాయి.

రిటైర్డ్ ఎలక్ట్రికల్:
నేను ఒప్పుకోను. జవాబు సగం మీ ప్రశ్నలోనే ఉంది మున్నేరు గారూ. పగలు ఎత్తుకునేదీ, పదకొండు తర్వాత ఎత్తుకునేదీ జామ్ అయిన కంప్రెసర్ ఎలా అవుతుంది? ఎనిమిదింటికి మారుతున్నది కరెంటు. వీధిలో ఏసీలన్నీ ఆ గంటలోనే పడతాయి.

మోటారు తిప్పే బలం వోల్టేజీతో సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 230 రావలసిన చోట 180 వస్తే బలం 61 శాతమే. 160కి పడితే సగం కూడా ఉండదు. ఇక స్టెబిలైజర్ మీద 220 కనిపిస్తుందంటే అది నిలకడగా ఉన్నప్పటి లెక్క. కంప్రెసర్ లేచే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. ఆ క్షణంలో వోల్టేజీ ఎంతకు కూలుతుందో స్టెబిలైజర్ బోర్డు చెప్పదు. పైగా అది వోల్టేజీని పెంచి ఇవ్వాలంటే వెనక వైర్లలోంచి అంత ఎక్కువ కరెంటు గుంజాలి.

కాబట్టి ఏ గంటలో మొండికేస్తుందో ఆ గంటలోనే కొలవాలి. పగలు వచ్చి చేయి పెట్టి చూసి కంప్రెసర్ పోయిందనడం రోగి నిద్రపోతున్నప్పుడు దగ్గు లేదనడం లాంటిది.

తెనాలి మెకానిక్:
సార్, మీ మాట సరే. మే నెలలో రాత్రి ఎనిమిదింటికి మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు? రోజుకు పదీ పదిహేను కాల్స్ ఉంటాయి. ఎండలో డాబాల మీద వంగి పనిచేసి ఆ వేళకు ఇంటికి చేరతాం. మీటరు పట్టుకుని ముహూర్తం కోసం కూర్చుంటే మాకు పూట గడవదు. కస్టమర్‌కు ఆ రాత్రి నిద్ర కావాలి. నేను ఇచ్చేది ఆ నిద్ర.

జగిత్యాల టు దమ్మాం:
నేను ఇక్కడ పన్నెండేళ్లుగా ఏసీ మెయింటెనెన్స్‌లో ఉన్నా అన్నా. కిట్ గురించి తర్వాత, ముందు రన్ కెపాసిటర్ (మోటారు నడిచినంతసేపూ లైన్‌లో ఉండేది) చూడండి. ఎండకు మొదట పోయేది అదే. ఔట్‌డోర్ యూనిట్ పడమటి గోడకు ఉంటే ఇంకా త్వరగా. ఉబ్బకపోయినా లోపల విలువ తగ్గిపోయి ఉంటుంది. ఏసీ నడుస్తున్నప్పుడే చూడొచ్చు: స్టార్టింగ్ వైరుకు టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) పెట్టి ఆంప్స్ చూసి, 2652తో గుణించి, కెపాసిటర్ రెండు కొనల మధ్య వోల్టేజీతో భాగిస్తే మైక్రోఫారడ్‌లు, అంటే కెపాసిటర్ విలువ, వస్తాయి.

రిటైర్డ్ ఎలక్ట్రికల్:
మంచి పద్ధతి చెప్పారు తమ్ముడూ, ఒక్క సవరణ. 2652 మీ సౌదీ లెక్క, అక్కడ కరెంటు ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్. మన దగ్గర 50, కాబట్టి 3183తో గుణించాలి. లేకపోతే బాగున్న కెపాసిటర్ కూడా ఆరో వంతు తక్కువ చూపించి చెత్తబుట్టలోకి పోతుంది.

జగిత్యాల టు దమ్మాం:
నిజమే సార్, ఊరికి వచ్చినప్పుడు నేనూ అదే లెక్క వేస్తున్నా. గుర్తుపెట్టుకుంటా.

కాకినాడ టీచర్:
మా ఇంట్లో జరిగింది చెప్తాను. రెండేళ్ల కిందట ఇదే మూలుగు. వచ్చినాయన ఏమీ కొలవకుండా కిట్ తగిలించి వెళ్లారు. నెల రోజులు బాగా నడిచింది, మేమూ సంతోషించాం. ఒక రాత్రి కాలిన వాసన, ఎం.సి.బి. పడిపోయింది. కిట్‌లో రిలే (స్టార్ట్ కెపాసిటర్‌ను తప్పించే స్విచ్) అతుక్కుపోయి స్టార్ట్ కెపాసిటర్ లైన్‌లోనే ఉండిపోయిందట, స్టార్టింగ్ వైండింగ్ మాడిపోయింది. తర్వాత వేరే ఆయన వచ్చి చూస్తే అసలు రన్ కెపాసిటరే సగం చచ్చి ఉంది. చిన్న భాగంతో పోయేదానికి కంప్రెసర్ కొన్నాం. తెనాలి గారూ, మీరు అలా చేస్తారని నేను అనడం లేదు. కానీ కొలవకుండా పెట్టే కిట్ మీద నాకు కోపం పోలేదు.

తెనాలి మెకానిక్:
మీకు జరిగింది తప్పే మేడం. రన్ కెపాసిటర్ చూడకుండా కిట్ పెట్టడం పని కాదు, దాన్ని నేను సమర్థించను. మొదటి పోస్టులో నేను అది రాయకపోవడం నా పొరపాటు.

రిటైర్డ్ ఎలక్ట్రికల్:
మున్నేరు గారూ, ఎవరితోనైనా కొలిపించే ముందు ఒక్కటి తప్పకుండా చెప్పండి. ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో రెండు కొనలూ కలిపి టప్‌మనిపించడం మానాలి. హోల్డర్‌లో 100 వాట్ల పాత గుండు బల్బు పెట్టి, దాని రెండు వైర్లూ కొనలకు ఆనిస్తే నెమ్మదిగా దిగిపోతుంది.

ఇంకో మాట. ఇప్పటికే చాలాసార్లు మూలిగి ఆగింది కాబట్టి కంప్రెసర్ వేడెక్కి ఉంటుంది. ఆ వేడిలో ఎవరైనా మల్టీమీటర్ పెట్టి కామన్ (ఉమ్మడి పిన్ను) నుంచి రెండు పిన్నులకూ ఓపెన్ (దారి తెగినట్టు) వస్తోంది, వైండింగ్ పోయిందంటే నమ్మకండి. మిగిలిన రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూపిస్తుంటే తెగింది లోపలి ఓవర్‌లోడ్ (వేడెక్కితే కరెంటు ఆపే రక్షణ స్విచ్) అయి ఉండొచ్చు. చల్లారితే అదే కలుస్తుంది. ఒక్కోసారి గంట పైనే పడుతుంది. ఇలా బతికున్న కంప్రెసర్లను పాత ఇనుముకు వేసిన ఇళ్లు నేను చూశాను, బాధేస్తుంది.

మున్నేరు గట్టు:
మా బావమరిది ఎలక్ట్రీషియన్. నిన్న రాత్రి ఎనిమిదింపావుకు కొలిచాం. స్టెబిలైజర్ ప్లగ్ పెట్టే సాకెట్ దగ్గర మామూలుగా 196 ఉంది. కంప్రెసర్ మూలిగే క్షణంలో 151కి పడింది. తర్వాతి ప్రయత్నంలో మీటరు దగ్గర చూస్తే 198 నుంచి 186కే తగ్గింది. పదకొండున్నరకు నడుస్తున్నప్పుడు స్టార్టింగ్ వైరులో 4.9 ఆంప్స్, కెపాసిటర్ మీద 390 వోల్టులు.

రిటైర్డ్ ఎలక్ట్రికల్:
లెక్క వేయండి. 4.9ని 3183తో గుణించి 390తో భాగిస్తే 40. మీ కెపాసిటర్ మీద 50 రాసి ఉంటే ఐదో వంతు పోయినట్టే, మార్చేయండి. కానీ నన్ను భయపెట్టింది ఇంకొకటి. వీధి నుంచి మీటరు దాకా తగ్గింది 12 వోల్టులు. మీటరు నుంచి సాకెట్ దాకా మీ ఇంట్లోనే ఇంకో 33 పోతున్నాయి. వైరు ఏ సైజు, ఎంత దూరం?

మున్నేరు గట్టు:
కెపాసిటర్ మీద 50 అనే ఉంది. వైరు రెండున్నర ఎం.ఎం. రాగిది, పద్దెనిమిది మీటర్లు ఉంటుంది.

రిటైర్డ్ ఎలక్ట్రికల్:
ఆ వైరు బాగుంటే 40 ఆంప్స్ లాగినా పదకొండు వోల్టుల దగ్గర పోవాలి. మిగతా ఇరవై రెండూ ఏదో జాయింట్‌లో కాలుతున్నాయి. ఈ రోజే మెయిన్ ఆపి బోర్డు విప్పించండి. న్యూట్రల్ వైపు ముందు చూడండి, దాన్నే అందరూ వదిలేస్తారు.

మున్నేరు గట్టు:
మీరు చెప్పినట్టే ఉంది సార్. బోర్డులో న్యూట్రల్ స్క్రూ వదులై, వైరు తొడుగు నల్లగా కరిగిపోయి ఉంది. అక్కడ నిప్పు అంటుకోలేదంటే మా అదృష్టం. కొస కత్తిరించి కొత్త లింకుకు బిగించాం. కెపాసిటర్ కొత్తది, అదే 50, 440 వోల్టులది వేశాం. మూడు రాత్రులుగా ఎనిమిదింటికే ఎత్తుకుంటోంది, ఆ క్షణంలో సాకెట్ దగ్గర 175కి తగ్గడం లేదు. నాన్నగారు తెల్లవార్లూ పడుకున్నారు.

ఒక్క నిన్న మాత్రం కరెంటు పోయి వచ్చాక మీటరు దగ్గరే 172 ఉంది. అప్పుడు మొదటిసారి ఎత్తుకోలేదు, రెండోసారికి లేచింది.

తెనాలి మెకానిక్:
ఇదిగో, నేను చెప్పే సందర్భం ఇదే. ఇంట్లో అన్నీ సరిచేశారు, వీధి కరెంటు మీ చేతిలో లేదు. ఇప్పుడు కిట్ పెట్టుకుంటే తప్పేముంది సార్? రిలేతో వచ్చేదే పెడదాం. పీటీసీ (రిలే బదులు, వేడెక్కితే కరెంటును అడ్డుకునే ముక్క ఉన్న) రకం వద్దు, అది ఒకసారి వేడెక్కితే చల్లారేదాకా మళ్లీ పనిచేయదు. కరెంటు పోతూ వస్తూ ఉండే చోట అక్కరకు రాదు.

రిటైర్డ్ ఎలక్ట్రికల్:
పీటీసీ సంగతి మీరు చెప్పింది నిజం. పాత విండో ఏసీల పిస్టన్ కంప్రెసర్లకైతే నేనూ కిట్ వద్దనను. ఇది రోటరీ (పిస్టన్ బదులు గుండ్రంగా తిరిగే రకం), కేపిలరీ (గ్యాస్ పోయే సన్న గొట్టం) ఉన్న ఏసీ. ఆపిన మూడు నిమిషాలకు రెండు వైపులా ప్రెజర్ సమానమవుతుంది, సరైన వోల్టేజీ ఉంటే దానికి తోపు అక్కర్లేదు. మీటరు దగ్గరే 172 అంటే ఒక ఫేజ్ మీద లోడు ఎక్కువ పడి ఉంటుంది. ముందు ఆ ఫిర్యాదు ఇవ్వండి. మీరు కిట్‌తో సర్దుకుంటే పక్కింటి ఫ్రిజ్, ఎదురింటి మోటారు ఏమవుతాయి?

తెనాలి మెకానిక్:
ఫిర్యాదు ఇవ్వమనే నేనూ అంటాను. అది తేలేలోపు ఆ పెద్దాయన ఉక్కలో ఎందుకుండాలి? అన్నా, కంప్రెసర్ మీద స్టిక్కర్ ఫొటో పెట్టండి. ఎల్.ఆర్.ఏ. (మోటారు కదలకుండా ఉన్నప్పుడు లాగే కరెంటు) ఎంతో చూసి ఏ సైజు సరిపోతుందో చెప్తాను. గుడ్డిగా పెద్దది మాత్రం తేవద్దు.

మున్నేరు గట్టు:
లైన్‌మ్యాన్ గారితో మాట్లాడాను, రేపు సాయంత్రం వచ్చి ఫేజ్ చూస్తానన్నారు. ఎనిమిదింటికే రమ్మని బతిమాలాను. వీధిలో ఇంకో నాలుగిళ్ల వాళ్లం కలిసి కాగితం కూడా రాస్తున్నాం. స్టిక్కర్ ఫొటో రేపు పొద్దున వెలుతురులో తీసి పెడతాను తెనాలి గారూ.