చెయిన్‌సా స్టార్ట్ కాకపోతే తప్పు ఈ20 పెట్రోల్‌దా, మనదా?

సరుగుడు తోట:
మా ఊళ్లో ఏ కోత మిషన్ మొరాయించినా ఇప్పుడు ఒకటే మాట: "ఈ20 పెట్రోల్ పోశావుగా, అంతే మరి." అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అన్నమాట. నా మిషన్ వానాకాలమంతా కొట్టంలో ఉంది. ట్యాంకులో మిగిలిన పెట్రోల్ అలాగే వదిలేశాం. ఇప్పుడు తాడు ఎంత లాగినా పలకదు. చోక్ వేస్తే ఒకసారి దగ్గి ఊరుకుంటుంది. పెట్రోల్ కార్బొరేటర్‌ని తినేసింది, మొత్తం మార్చాలని మెకానిక్ అంటున్నాడు. బంకులో వేరే పెట్రోల్ అడిగితే నవ్వుతున్నారు. నిజంగా పెట్రోలే కారణమా? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదారి గట్టు:
పెట్రోలే. ఇందులో అనుమానమేముంది? 2022 జూన్‌కి పెట్రోల్‌లో ఇథనాల్ 10 శాతానికి చేరింది. 2030కి అనుకున్న 20 శాతాన్ని ముందుకు జరిపి 2025కే తెచ్చేశారు. మన చేతుల్లో ఉన్న మిషన్లు చాలావరకు అంతకుముందు కొన్నవి. స్క్రూ తిప్పి సెట్ చేసే మామూలు కార్బొరేటర్లకు ఇథనాల్ 10 శాతం దాటొద్దని కంపెనీల మాన్యువల్స్‌లోనే ఉంటుంది. ఎవరు చదువుతారు!

ఇంకోటి. పెట్రోల్ పూర్తిగా మండాలంటే ఒక వంతుకు 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. కార్బొరేటర్ పాత సెట్టింగ్‌లోనే ఉండి ఇథనాల్ పెరిగితే గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ అవుతుంది. మిషన్ వేడెక్కుతుంది. చెయిన్‌సా లాంటి టూ స్ట్రోక్‌ ఇంజన్‌లో ఆయిల్ వచ్చేది కూడా ఆ పెట్రోల్‌తోనే కదా. అదీ తగ్గితే పిస్టన్ గీరుకుపోతుంది.

ప్లగ్ విప్పి చూడు:
గట్టు గారు చెప్పిన లెక్క తప్పు కాదు. కానీ అది నడిచే మిషన్ సంగతి. అన్న అడిగింది అసలు స్టార్టే కాని మిషన్ గురించి. నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలావాటికి ఇథనాల్‌తో సంబంధం ఉండదు. స్విచ్ ఆఫ్‌లో పెట్టి తాడు లాగినవాళ్లనీ చూశాను.

అన్నా, కార్బొరేటర్ జోలికి పోకముందు ప్లగ్ విప్పండి. చోక్ వేసి నాలుగైదు సార్లు లాగాక కూడా ప్లగ్ పొడిగా ఉంటే పెట్రోల్ పైకి రావట్లేదని అర్థం. తడిసి ఉంటే రెండే దారులు: చోక్ ఎక్కువై మునిగిపోయి ఉండాలి, లేదా స్పార్క్ లేకపోవాలి. మునిగితే ప్లగ్ తీసి, చోక్ ఆపి, స్విచ్ కూడా ఆపి తాడు లాగుతూ లోపలిది బయటికి పోనివ్వండి. ప్లగ్ తుడిచి, గ్యాప్ 0.5 మిల్లీమీటర్లు చూసి బిగించండి. స్పార్క్ చూడాలనుకుంటే చిందిన పెట్రోల్‌కి దూరంగా వెళ్లి చూడండి.

పొడిగా ఉంటే ప్లగ్ రంధ్రంలో ఆయిల్ కలిపిన పెట్రోల్ కొన్ని చుక్కలు వేసి, ప్లగ్ బిగించి లాగండి. ఒక్క క్షణం పలికి ఆగిందంటే స్పార్క్, కంప్రెషన్ రెండూ ఉన్నట్టే. ఇక వెతకాల్సింది ట్యాంకులోని ఫిల్టర్, పైపు, కార్బొరేటర్. చుక్కలు వేసినా మూలగకపోతే సైలెన్సర్ విప్పి, ఆ రంధ్రంలోంచి టార్చ్ వేసి పిస్టన్ చూడండి. నిలువు గీతలు కనబడితే కార్బొరేటర్ కొత్తది వేసినా డబ్బు దండగ.

జామాయిల్ బాబు:
ఇంత తలనొప్పి ఎందుకన్నా? పెట్రోల్‌లో నీళ్లు పోసి ఊపండి. ఇథనాల్ నీళ్లతో కలిసి కిందకి దిగుతుంది. పైన తేరిన పెట్రోల్ వాడుకోండి. మా దగ్గర బైకులకూ ఇదే చేస్తున్నారు.

గోదారి గట్టు:
ఆ పని చేయకు తమ్ముడూ. ఇథనాల్ పోతే దాంతోపాటు ఆక్టేన్, అంటే ఇంజన్ కొట్టుకోకుండా మండే గుణం కూడా తగ్గుతుంది. పైన మిగిలిన పెట్రోల్‌లో తేమ ఉండదని గ్యారంటీ ఏముంది? పైగా ఇంట్లో బకెట్లలో పెట్రోల్ ఊపడం ఏమిటి, పొయ్యి పక్కనే! ఇథనాల్ ఎంతుందో చూడ్డానికి గీతలున్న చిన్న సీసాలో, ఆరుబయట చేసుకో. అడుగున నీటి పొర ఎంత పెరిగితే ఇంచుమించు అంత ఇథనాల్. అక్కడితో ఆపు.

ఆస్టిన్ నుంచి:
ఇక్కడ అమెరికాలో చాలా బంకుల్లో 10 శాతం కలిసిందే. గడ్డి కోసే మిషన్లకీ చెయిన్‌సాలకీ ఇథనాల్ లేని పెట్రోల్ కొన్నిచోట్ల విడిగా దొరుకుతుంది, ఆయిల్ కలిపిన డబ్బాలూ అమ్ముతారు. డబ్బా ధర చూస్తే గుండె ఆగుతుంది. అందుకే మా వీధిలో చాలామంది దాన్ని మిషన్ పక్కన పెట్టేముందు మాత్రమే పోసి కాసేపు నడుపుతారు.

ప్లగ్ విప్పి చూడు:
ఇదే నేను చెప్పబోయేది. గొడవంతా నిల్వతోనే. ఇథనాల్ తేమ పీలుస్తుంది. ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుగుకి దిగుతుంది. ట్యాంకులో ఫిల్టర్ ఉండేదీ అడుగునే. ఆయిల్ కలిపిన పెట్రోల్ నెల దాటాక వాడొద్దు, అది ఈ20 కానీ మరొకటి కానీ. ఆయిల్ కూడా కంటికి తోచినంత పోయకండి. 50కి 1 అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 25కి 1 అయితే 40. ఏది పోయాలో మీ మాన్యువల్, ఆయిల్ డబ్బా చూసి తేల్చుకోండి. "ఎక్కువ పోస్తే మంచిదే" అని పోసినవాళ్ల సైలెన్సర్ జాలీ మసితో మూసుకుపోయి నా దగ్గరికొస్తుంది. అదీ స్టార్టింగ్ ట్రబులే.

సరుగుడు తోట:
చూశాను. ప్లగ్ పొడి. చుక్కలు వేస్తే క్షణం పలికింది. ఫిల్టర్, పైపు బాగానే ఉన్నాయి. కార్బొరేటర్ మూత తీస్తే లోపలి పల్చటి డయాఫ్రం అప్పడంలా బిర్రుగా ఉంది, నొక్కితే కదలట్లేదు.

గోదారి గట్టు:
చెప్పానా! ఇథనాల్ పనే అది.

ప్లగ్ విప్పి చూడు:
ఇథనాల్ లేని రోజుల్లోనూ పాత పెట్రోల్ నిల్వ ఉంటే డయాఫ్రం బిర్రెక్కేది గట్టు గారూ. 20 శాతంతో తొందరగా అవుతుందంటారా, ఒప్పుకుంటాను. అంతేగానీ మిషన్‌ని ట్యాంకులో పెట్రోల్‌తోనే కొట్టంలో పడేసింది బంకువాడు కాదు.

అన్నా, చెయిన్‌సాని పక్కకి తిప్పినా తలకిందులు చేసినా నడవాలి కాబట్టి ఈ కార్బొరేటర్లలో పెట్రోల్ మట్టం చూసుకునే తేలే బుడ్డి, అదే ఫ్లోట్, ఉండదు. ఆ డయాఫ్రం కదిలితేనే సూది లేచి పెట్రోల్ లోపలికి వస్తుంది. అది కదలకపోతే రాదు. కార్బొరేటర్ మార్చక్కర్లేదు, డయాఫ్రం, గాస్కెట్లు ఉన్న కిట్ చాలు. కార్బొరేటర్ మీదున్న నంబరు చూసి అదే తెప్పించండి. పాతవాటి వరస ఫోనులో ఫొటో తీసుకుని విప్పండి, గాస్కెట్ తారుమారైతే మళ్లీ ఇదే కథ.

సరుగుడు తోట:
కిట్ అడిగాను, రేపొస్తుంది. మెకానిక్‌కి చెప్తే ముఖం మాడ్చుకున్నాడు.

గోదారి గట్టు:
వేశాక చైన్‌కీ ఆయిల్ ఉందో లేదో చూసి, మిషన్ వేడెక్కనిచ్చి, అప్పుడు ఎచ్ స్క్రూ (ఫుల్ రేజ్‌లో పెట్రోల్ ఎంత వెళ్లాలో సెట్ చేసేది) చూడండి. గాల్లో ఫుల్ రేజ్ ఇస్తే కొంచెం బరబరమనాలి, కట్టెలో దింపగానే ఆ శబ్దం పోవాలి. గాల్లోనే కీచుమంటే ఆ స్క్రూ కాస్త బయటికి తిప్పండి. ఈ20కి ఆ కాస్త కావాలి. ఇది మాత్రం ప్లగ్ గారూ కాదనరు.

ప్లగ్ విప్పి చూడు:
కాదనను. స్క్రూకి ప్లాస్టిక్ టోపీ ఉంటే మాత్రం అది తిరిగినంతే, బలవంతం చేయొద్దు.