పదకొండేళ్ల పాపకి సాఫ్ట్‌బాల్ బ్యాట్ ఎంత బరువుండాలి? ఇంట్లో పంచాయితీ తెగట్లేదు

మదనపల్లె ఆడబిడ్డ:

అందరికీ నమస్తే. మాది మదనపల్లె, ఉండేది బెంగళూరు కేఆర్ పురంలో. పాపకి 11 ఏళ్లు. ఎత్తు నాలుగడుగుల ఏడంగుళాలు, బరువు 31 కిలోలు, గట్టిగా గాలి వీస్తే పట్టుకోవాలి. జూన్ నుంచి స్కూల్లో సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆటే) ఆడతా ఉంది. అండర్-14 జట్టులో అందరికన్నా చిన్నది మా పాపే. బంతి పట్టడం, విసరడం బాగానే చేస్తుంది, పరుగు గురించి చెప్పే పని లేదు. బ్యాట్ చేతికొస్తేనే తంటా. బంతి పోయి వెనకాల కూర్చునే క్యాచర్ గ్లవ్‌లో పడ్డాక ఈమె బ్యాట్ తిరుగుతుంది. ఎప్పుడన్నా తగిలితే కుడి పక్క ఫస్ట్ బేస్ వైపు గీత బయటికి పోయి ఫౌల్. ఇంటికొచ్చి మణికట్టు నొప్పి అని అయొడెక్స్ అడుగుతుంది.

మొన్న స్కూల్ బ్యాట్‌ని ఇంటికి తెచ్చింది. దాని మీది అంకెలు ఎప్పుడో అరిగిపోయినాయి. మా కింద కిరాణా కొట్టులో కందిపప్పు తూచే కాటా మీద పెట్టించినా. 880 గ్రాములు. పొడవు 34 అంగుళాలు. కొట్టాయన "ఏన్ మేడమ్, గలాటెనా?" అన్నాడు.

సొంత బ్యాట్ కొనాలని ఆదివారమంతా చిక్కపేటలో తిరిగి రెండు చూసి పెట్టుకున్నాం. రెండూ అల్యూమినియంవే. ఒకటి 32 అంగుళాలు, 22 ఔన్సులు. ఇంకోటి 29 అంగుళాలు, 18 ఔన్సులు. మా ఆయన పెద్దదే తీసుకుందాం అంటాడు. యూనిఫామ్ రెండు సైజులు పెద్దది కుట్టించి మడిచి వెయ్యమా, ఇదీ అంతే, నాలుగు వేలకు పైన పెట్టి ఏటా కొంటామా అని. పీటీ సారేమో బరువు బ్యాట్ అలవాటైతే చేతులకి బలం వస్తుంది, స్కూల్‌దే వాడమంటారు. షాపతను "డ్రాప్ 10 తీసుకోండి, ఈ వయసుకి అదే" అని 32 అంగుళాలది చేతిలో పెట్టాడు. ఈ డ్రాప్ ఏందో నాకు అర్థం కాలేదు. ఇక మా అమ్మ ఫోన్లో "ఆడపిల్లకి ఆ గదలెందుకే" అంటుంది. ఆ మాట వదిలేయండి, మిగతావాటికి జవాబు చెప్పండి.

పెవిలియన్ బాబాయ్:

అమ్మా, నాకు సాఫ్ట్‌బాల్ తెలీదు, క్రికెట్ ముప్పై ఏళ్లు ఆడాను. సచిన్ బరువైన బ్యాట్‌తోనే ఆడాడు. మొదట్లో కష్టంగా ఉంటుంది, చెయ్యి దానికి అలవాటు పడుతుంది. మీ సారు మాట కొట్టిపారేయకండి.

అనంతపురం షార్ట్‌స్టాప్:

అక్కా, ముందు ఆ 880 గ్రాముల సంగతి చూద్దాం. ఔన్సు అంటే 28 గ్రాముల చిల్లర. మీ స్కూల్ బ్యాట్ 31 ఔన్సులన్న మాట. పొడవు ఎన్ని అంగుళాలో అందులోంచి బరువు ఎన్ని ఔన్సులో తీసేయండి, మిగిలేదే డ్రాప్. 34లోంచి 31 పోతే 3. డ్రాప్ 3 అనగానే నాకు అనుమానం వచ్చింది, అది పెద్దవాళ్ల బేస్‌బాల్ బ్యాట్ అయ్యుంటుంది. ఇంట్లో బ్లౌజు కొలతల టేపు ఉంటుంది కదా, బ్యాట్ బాగా లావుగా ఉన్నచోట చుట్టి చూడండి. సాఫ్ట్‌బాల్ బ్యాట్ వ్యాసం రెండుంపావు అంగుళాలు దాటకూడదు, అంటే చుట్టుకొలత 18 సెంటీమీటర్లు. బేస్‌బాల్‌వి 21 దాకా ఉంటాయి. 18 దాటిందంటే అది మ్యాచ్‌కి పనికిరాదు. ఆన్‌లైన్‌లో "సాఫ్ట్‌బాల్ బ్యాట్" అని వెతికినా బేస్‌బాల్‌వి కూడా కనిపిస్తాయి. కారు సీటు కింద పెట్టుకోవడానికి కొనేవాళ్లే సగం మంది.

ఇప్పుడు బరువు. నేను ఏడో తరగతిలో ఇట్లాంటి రోకలితోనే మొదలుపెట్టినా. చేతులకి బలం రాలేదు గానీ ఒక చెడ్డ అలవాటు వచ్చింది. బ్యాట్ ఆలస్యంగా వస్తుందని తెలుసు కాబట్టి, పిచర్ (బంతి వేసే అమ్మాయి) చేతిలోంచి బంతి వదలకముందే తిప్పడం మొదలుపెట్టేదాన్ని. చూసి కొట్టడం కాదు, లాటరీ. నెమ్మదిగా వేసే ఛేంజప్ పడిందంటే బంతి రాకముందే నా స్వింగ్ అయిపోయేది. తర్వాత తేలిక బ్యాట్ దొరికినా ఆ అలవాటు పోవడానికి రెండు సీజన్లు పట్టింది. 40 అడుగుల నుంచి 70 కిలోమీటర్ల వేగంతో బంతి వస్తే పిల్ల దగ్గరికి చేరడానికి 0.6 సెకను. అందులోనే చూడాలి, కొట్టాలా వదలాలా అనుకోవాలి, తిప్పాలి. బ్యాట్ ఎంత తేలిగ్గా తిరిగితే చూడ్డానికి అంత టైమ్ మిగులుతుంది. బలం కావాలంటే బస్కీలు తియ్యమనండి, బంతులు విసరమనండి. అది వేరే పని.

బాబాయ్ గారూ, సచిన్ 11 ఏళ్ల పాప కాదు కదండీ. పైగా క్రికెట్‌లో నేరుగా కింద పెట్టి ఆపినా షాటే. ఇక్కడ మూడు స్ట్రైకులు పడితే అవుట్, గుండ్రటి బ్యాటు, గుండ్రటి బంతి. అన్నట్టు 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో మీ ఆటా ఉంది, మా ఆటా ఉంది, కాబట్టి గొడవ వద్దు.

షాపులో ఇట్లా చూడండి అక్కా. బ్యాట్ పిడి చివర గుండుని పాప ఛాతీ మధ్యలో ఆనించి, చెయ్యి ముందుకి చాచమనండి. వేళ్లు బ్యాట్ కొసని అందుకోవాలి. అందలేదంటే పొడవెక్కువ. తర్వాత ఒంటిచేత్తో పిడి చివర పట్టుకుని పక్కకి భుజం ఎత్తున చాపి ఉంచమనండి. 20 లెక్కపెట్టేలోగా కొస వాలిపోతే బరువెక్కువ. నేనైతే ఇంకొకటి కూడా చూస్తా. మొదటి స్వింగ్ ఎవరైనా బాగానే తిప్పుతారు, షాపులో అందరూ ఆ ఒక్కటి చూసి కొనేస్తారు. ముప్పయ్యో స్వింగ్ చూడండి. చేతులకన్నా కొస కిందికి జారుతుంటే, నడుం వెనక్కి వంగుతుంటే ఆ బ్యాట్ వద్దు. ఫోన్లో స్లో మోషన్ తీస్తే మీ అమ్మగారికి కూడా తెలిసిపోతుంది.

అలాగని మరీ తేలికా మంచిది కాదు. చుట్టుకొలత 12 అంగుళాలుండే బంతి 180 గ్రాముల పైనే ఉంటుంది, మరీ పుల్లలాంటి బ్యాటైతే బంతి దాన్నే వెనక్కి నెడుతుంది. మీ పాపకి 29 అంగుళాలు, 18 ఔన్సులది సరిపోతుందని నాకనిపిస్తుంది. డ్రాప్ 11.

మీ ఆయనకి చెప్పండి, యూనిఫామ్ అయితే మడిచి కుట్టొచ్చు, బ్యాట్‌ని మడవలేం. ఏడాదయ్యాక కింది క్లాసు పిల్లలకి సగం ధరకి ఇచ్చేయండి, పాత పుస్తకాల లెక్కన. మీ అమ్మగారికేమో, అనంతపురంలో ఆర్డీటీ ట్రస్టు వాళ్ల క్రీడా అకాడమీలో ఆడపిల్లలు ఈ గదలే తిప్పుతున్నారని చెప్పండి.

హెచ్ఎస్ఆర్ బ్యాచిలర్:

మేం హాస్టల్లో బరువైన బ్యాట్‌ని వడ్రంగి దగ్గర పిడి వైపు మూడంగుళాలు కోయించాం. సూపర్‌గా పనిచేసింది. కొనే ఖర్చు లేదు.

అనంతపురం షార్ట్‌స్టాప్:

తమ్ముడూ, దయచేసి ఆ సలహా పిల్లల తల్లులకి ఇవ్వద్దు. ఆ గుండు ఉండేదే బ్యాట్ చేతిలోంచి జారి ఎగిరిపోకుండా. అది లేని బ్యాట్‌ని రూల్స్ ఒప్పుకోవు, ఎగిరొచ్చి తగిలితే క్యాచర్ పళ్లూ ఒప్పుకోవు.

లెక్కల మాస్టారి కొడుకు, వైట్‌ఫీల్డ్:

ఒక్క మాట కలుపుతాను. 32 అంగుళాలదీ 29 అంగుళాలదీ డ్రాప్ చూస్తే 10, 11. దాదాపు ఒకటేగా అనిపిస్తుంది. కానీ మొదటిది 624 గ్రాములు, రెండోది 510. ఆ తేడా కన్నా ముఖ్యం బరువు ఎక్కడుందనేది. రోకలిని నడిమిన పట్టుకుంటే పిల్లలు కూడా ఎత్తుతారు, కొస పట్టుకుని ఎత్తమంటే పెద్దవాళ్లకే కష్టం. బరువు చేతికి ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత కష్టం, ఆ కష్టం దూరం లెక్కన కాదు, దూరం వర్గం లెక్కన పెరుగుతుంది. రెండు బ్యాట్లనీ వేలి మీద అడ్డంగా నిలబెట్టి చూడండి. నిలబడే చోటు పిడి నుంచి ఎంత దూరముంటే చేతికి అంత బరువు తెలుస్తుంది. కొత్తది కొనేదాకా స్కూల్ బ్యాట్‌నే రెండంగుళాలు పైకి పట్టుకోమనండి, ఈ సూత్రమే పనిచేస్తుంది.

మదనపల్లె ఆడబిడ్డ:

రాత్రి టేపు చుట్టి చూసినా. సరిగ్గా 21 సెంటీమీటర్లు. మా ఆయన నమ్మక తను కూడా చుట్టినాడు. పొద్దున పీటీ సార్‌కి చెబితే పాపం ఆయనా ఆశ్చర్యపోయినారు. ఎవరో ఇచ్చిన బ్యాటంట, ఇన్నాళ్లు ఎవరూ కొలవలేదు. దాన్ని తీసి స్టోర్ రూమ్‌లో పెట్టించినారు.

శనివారం మళ్లీ చిక్కపేట పోయినాం. ఛాతీకి ఆనిస్తే 32 అంగుళాల దానికి పాప వేళ్లు అందనే లేదు. చెయ్యి చాపి పట్టుకోమంటే పన్నెండు లెక్కపెట్టేసరికే కొస నేల చూసింది. చిన్నదాన్ని ఇరవై దాకా పట్టుకుని "ఇంకా లెక్కపెట్టు నాన్నా" అంది. మా ఆయన మాట్లాడకుండా పర్సు తీసినాడు. ముప్పై స్వింగులకి షాపులో చోటెక్కడిది, బయట సందులో తిప్పించినాం, జనం పక్కకి జరిగి దారిచ్చినారు.

నిన్న ప్రాక్టీసులో రెండు బంతులు సెకండ్ బేస్ మీదుగా కొట్టిందంట. మూడోది ఎడమ పక్క థర్డ్ బేస్ బయట ఫౌల్ పోయిందని ఏడుపు మొహం పెట్టింది. షార్ట్‌స్టాప్ చెల్లీ, ఇప్పుడు తొందరగా తిప్పేస్తోందా ఏంటి?

అనంతపురం షార్ట్‌స్టాప్:

అవునక్కా, కుడిచేతి వాటం వాళ్లు ఆలస్యంగా తిప్పితే ఫస్ట్ బేస్ వైపు, తొందరగా తిప్పితే థర్డ్ బేస్ వైపు పోతుంది. పాత బరువుకి ముందే మొదలుపెట్టే అలవాటు ఇంకా పోలేదు. పిచర్ చేతిలోంచి బంతి వదిలినప్పుడు "ఇప్పుడు" అని పైకే అనమనండి, ఆ తర్వాతే చేతులు కదలాలి. రెండు వారాలు చూసి చెప్పండి.