చెప్తే నన్నే అంటారని ఎవరూ నోరు విప్పట్లేదు, ఏం చేయాలి?

జీడిమెట్ల ప్యాకింగ్ (ప్రశ్న):

నమస్తే అండి. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో తొమ్మిదేళ్లుగా ప్యాకింగ్‌లో పనిచేస్తున్నాను. ఉగాది అయ్యాక సూపర్‌వైజర్‌ని చేశారు. నా షిఫ్టులో 22 మంది. ఎక్కువమంది ఆడవాళ్లే, షాపూర్‌నగర్, గాజులరామారం, సూరారం నుంచి వస్తారు. నాలుగు నెలల్లో ఐదుగురు మానేశారు. ఇద్దరు పక్క కంపెనీలో వెయ్యి ఎక్కువని వెళ్లారు. మిగతా ముగ్గురు ఎందుకు మానేశారో చెప్పనే లేదు.

'ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్' అని ఆఫీసువాళ్లు 30 ప్రశ్నల ఫారం పంచారు. అందరూ అన్నిటికీ 'బాగుంది' అని టిక్ కొట్టేశారు. కేక్ కోయించారు. నెలకొకరి ఫొటో బోర్డు మీద పెడుతున్నారు. ఫొటో పడ్డ అమ్మాయి ఇప్పుడు క్యాంటీన్‌లో ఒక్కతే కూర్చుని తింటోంది.

పోయిన బుధవారం బ్లిస్టర్ మెషీన్‌లో (మాత్రల్ని గుంటల్లో వేసి స్ట్రిప్పుగా మూసేది) ప్రతి స్ట్రిప్పులో ఒక గుంట ఖాళీగా వచ్చింది. చివర కూర్చుని చూసే అమ్మాయి వాటిని తీసి పక్కన వేస్తూనే ఉంది. రెండు గంటలు, క్రేట్ నిండిపోయింది. తీరా చూస్తే ఫీడర్‌లో మాత్ర ముక్క ఒకటి ఇరుక్కుంది, అంతే. "ముందే ఎందుకు చెప్పలేదే?" అంటే, "చెప్తే మెషీన్ ఆపించానని నన్నే అంటారు కదక్కా" అంది. ఆ మాట నాకు రాత్రి నిద్ర పట్టనివ్వలేదు. ఎందుకంటే ఆ కుర్చీలో నేనూ ఆరేళ్లు కూర్చున్నాను, నేనూ చెప్పేదాన్ని కాదు.

జీతాలు పెంచడం నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నదాంతో వీళ్లకి పని మీద మనసు ఎలా కలిగించాలి? ఎవరైనా చేసి చూసినవాళ్లుంటే చెప్పండి.

గుంటూరు ఫోర్‌మన్ (రిటైర్డ్):

తల్లీ, నేను స్పిన్నింగ్ మిల్లులో 31 ఏళ్లు చేశాను. నా మాట ఒక్కటే, కొత్తగా ఏదీ పెట్టకు. ముందు వాళ్లు చెప్పింది విని, ఏం చేశావో మళ్లీ వాళ్లకే చెప్పు.

రింగ్‌ఫ్రేమ్‌ల (దారం వడికే మెషీన్ల) దగ్గర స్తంభానికి ఒక నోటుబుక్కు తాడుతో కట్టాను. కష్టం ఏదైనా అందులో రాయమన్నాను. రెండు వారాలు ఒక్క అక్షరం పడలేదు. సగంమందికి రాయడం రాదని అప్పటిదాకా నాకు తట్టలేదు. తర్వాత టీ టైములో నేనే కూర్చుని, వాళ్లు చెబుతుంటే రాశాను. మొదటి మాట మంచినీళ్ల గురించి. కుండ ఎక్కడో గేటు పక్కన ఉండేది. తాగొచ్చేలోపు దారాలు తెగేవి, తెగినందుకు తిట్లు. మర్నాడు పొద్దున్నే కుండ లోపలికి తెప్పించి, బుక్కులో ఆ మాట పక్కనే తారీఖు వేశాను. ఆ వారం ఏడు మాటలు వచ్చాయి.

అన్నీ చేయలేం. ఫ్యాన్లు అడిగారు. ఆ గాలికి దూది నుసి లేచి దారం మీద పడుతుంది, దారాలు ఇంకా ఎక్కువ తెగుతాయి. కుదరదని అదే రాసి, ఎందుకో నిలబడి చెప్పాను. ఎవరూ కోపగించుకోలేదు. జవాబు లేకుండా వదిలేస్తేనే మనిషి విరిగిపోతాడమ్మా.

ఆ ఫొటో బోర్డు మాత్రం తీయించు.

హైదరాబాద్ ట్రైనింగ్:

ఫోర్‌మన్ గారి మాటకి నాకు తెలిసింది కలుపుతాను. టయోటా కార్ల ఫ్యాక్టరీల్లో లైను పొడవునా 'ఆండన్' తాడు (ఇప్పుడు కొన్ని చోట్ల బటన్) ఉంటుంది. తేడా కనిపిస్తే ఎంత చిన్న పనివాడైనా లాగొచ్చు. టీమ్ లీడర్ వెంటనే అక్కడికి వస్తాడు, అప్పటికీ సరికాకపోతే లైను ఆగుతుంది. మీ అమ్మాయికి లేనిది ఆ తాడే.

హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల్లో మందులిచ్చేటప్పుడు జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, లెక్కలో ఎక్కువ కనిపించాయి. వాళ్లు దాచకుండా చెప్పుకోవడమే దానికి కారణమని ఆవిడ తేల్చారు. కాబట్టి మొదటి నెలల్లో మీ రిజిస్టర్‌లో సమస్యలు పెరిగితే కంగారుపడకండి.

పనిలో ఉత్సాహం ఎలా వస్తుందో పరిశోధించిన మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పింది కూడా చదవండి. జీతం, పనిచేసే చోటు, పై అధికారి తీరు బాగోకపోతే మనిషికి అసంతృప్తి. అవి బాగున్నంత మాత్రాన ఉత్సాహం రాదు, అది పనిలోంచి, గుర్తింపులోంచి, బాధ్యతలోంచి వస్తుంది. దీన్ని అడ్డం పెట్టుకుని జీతం మాట దాటేసే కంపెనీలను చూశాను, అది అన్యాయం. ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలని ఫ్యాక్టరీల చట్టం 1948లోనే చెప్పింది. మీ దగ్గర అది సరిగ్గా అందుతోందా, ముందు చూడండి.

జీడిమెట్ల ప్యాకింగ్ (మూడు వారాల తర్వాత):

బాబాయ్ గారూ, బుక్కు పెట్టాను. రాసేది నేనే. ఓవర్‌టైమ్ స్లిప్పులు చూశాను, సరిగ్గానే ఉన్నాయి.

చెప్పకుండా మానేసినవాళ్లలో ఒకామె ఇంటికి వెళ్లాను. టీ ఇచ్చి అప్పుడు చెప్పింది. వచ్చేవారం షిఫ్టు లిస్టు మేం శనివారం రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్‌లో పెడతాం. పిల్లాడిని ఎవరి దగ్గర ఉంచాలో, షేర్ ఆటో ఎవరితో మాట్లాడుకోవాలో ఆ రాత్రి తేలక ప్రతి వారం ఇంట్లో గొడవేనట. ఆ లిస్టు వేసేది నేనే! ఇప్పుడు గురువారమే గోడకి అంటిస్తున్నాను. ఆమె ఒకటో తారీఖు నుంచి వస్తానంది.

నిన్న మధ్యాహ్నం మళ్లీ గుంట ఖాళీగా వచ్చింది. అదే అమ్మాయి చెయ్యెత్తింది. ఏడు నిమిషాలు ఆపాం, పోయినవి 11 స్ట్రిప్పులు. అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాను. తలొంచుకుంది కానీ నవ్వింది.

ఇప్పుడు ఆగిన నిమిషాలు ఎందుకు పెరిగాయని ప్రొడక్షన్ మేనేజర్ అడుగుతున్నారు. ఆయనకేం చెప్పాలి?

గుంటూరు ఫోర్‌మన్ (రిటైర్డ్):

ఆగిన నిమిషాల పక్కనే ఆ రోజు పోయిన స్ట్రిప్పుల లెక్కా రాయి తల్లీ. క్రేట్ నిండిన ఆ బుధవారం లెక్క పైన పెట్టు. ఆ కాగితం తీసుకుని వెళ్లేటప్పుడు ఆ అమ్మాయికి ఇష్టమైతే వెంటబెట్టుకుని వెళ్లు.