ఫ్రీ ఏజెన్సీలో కౌబాయ్స్ చేతులు కట్టుకు కూర్చోవడం: ముందుచూపా, పిసినారితనమా?

నీలినక్షత్రం
ప్రతి మార్చిలోనూ ఇదే తంతు. ఎన్ఎఫ్ఎల్‌లో (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఫ్రీ ఏజెన్సీ, అంటే కాంట్రాక్టు తీరిన ఆటగాళ్ళని ఏ జట్టైనా తీసుకునే సీజన్, తలుపు తీయగానే మిగతా జట్లు సంతలో పడతాయి, మన డాలస్ కౌబాయ్స్ ఫ్రిస్కో ఆఫీసు మాత్రం కునుకు తీస్తుంది. 2024 జనవరిలో జట్టు యజమాని జెర్రీ జోన్స్ "ఆల్ ఇన్" (ఉన్నదంతా ఒడ్డుతాం) అన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి టైరన్ స్మిత్, టోనీ పొలార్డ్, డోరెన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్, టైలర్ బియాడజ్ నలుగురూ వెళ్ళిపోయారు. బయటినుంచి వచ్చినవాళ్ళలో చెప్పుకోదగ్గవాడు ఎరిక్ కెండ్రిక్స్ ఒక్కడే. 12 గెలిచి 5 ఓడిన జట్టు కాస్తా 7-10 అయింది.

రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) డెరిక్ హెన్రీని బాల్టిమోర్ రెండేళ్ళకి 16 మిలియన్ డాలర్లకే తెచ్చుకుంది, ఆ సీజన్‌లో 1,921 యార్డులు పరిగెత్తాడు. సాక్వాన్ బార్క్‌లీకి ఫిలడెల్ఫియా మూడేళ్ళకి 37.75 మిలియన్లు రాసిచ్చింది. 2,005 యార్డులు, పైగా సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలుపు. మనకి చివరి సూపర్ బౌల్ వచ్చింది 1995 సీజన్‌కి. అప్పట్నుంచి కాన్ఫరెన్స్ ఫైనల్ (సూపర్ బౌల్‌కి ముందు మెట్టు) గడప కూడా తొక్కలేదు. దీన్ని పిసినారితనం అనక ఇంకేమనాలి?

ఏడోరౌండు
అన్నా, హెన్రీ, సాక్వాన్ ఇద్దరి పేర్లూ చెప్పి మొత్తం సంతని మెచ్చుకుంటే ఎలా? మొదటి వారంలో కొన్న సరుకులో సగం రెండేళ్ళలో పాత సామాన్ల గదికి పోతుంది. అదే 2024లో మనవాడు రికో డౌడల్ కారుచౌకగా ఆడి 1,079 యార్డులు తెచ్చాడు, అది మీరు చెప్పలేదు.

కూర్చోవడం వెనక లెక్క ఉంది. కాంట్రాక్టు గడువు తీరి మన ఆటగాడు వేరే జట్టుకి పోతే, వాడికి అక్కడ వచ్చిన జీతాన్నీ ఆడిన ఆటనీ బట్టి వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో (కాలేజీ కుర్రాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట) కంప్ పిక్, అంటే పరిహారంగా ఒక అదనపు ఎంపిక, వస్తుంది. 3 నుంచి 7 రౌండ్ల చివర్న, జట్టుకి ఎక్కువలో ఎక్కువ 4. బయట అలాంటివాణ్ణే ఒకణ్ణి మనం కొంటే పోయినవాళ్ళలో ఒకడు లెక్కలోంచి కొట్టుకుపోతాడు. వాళ్ళ జట్టు తీసేసినవాణ్ణి తెచ్చుకుంటే లెక్కలోకి రాదు. ట్రేడ్‌లో (జట్ల మధ్య మార్పిడి) తెచ్చుకున్నా రాదు. డ్రాఫ్ట్ ముగిసిన తర్వాతి సోమవారం దాటాక కొన్నా రాదు. అందుకే మార్చిలో ఊరుకుంటారు.

మన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డాక్ ప్రెస్కాట్ ఎలా వచ్చాడనుకున్నారు? 2016లో నాలుగో రౌండ్ చివర్న 135వ పిక్. అది కంప్ పిక్కే. డిమార్కో ముర్రే ఫిలడెల్ఫియాకి పోయినందుకు వచ్చింది. 2023లో స్టెఫాన్ గిల్మోర్‌ని తెచ్చింది కూడా ఐదో రౌండ్ కంప్ పిక్ ఇచ్చే.

ఫిల్లీపిల్లోడు
ముర్రేని మేం కొని మోసపోయాం, ఒప్పుకుంటున్నా. అయినా ఒక క్వార్టర్‌బ్యాక్ దొరికాడని పదేళ్ళు అదే పాట పాడితే ఎలాగండీ. జాక్ బాన్‌ని మేం ఏడాదికి 3.5 మిలియన్లకి తెచ్చుకుంటే ఆల్ ప్రో (ఆ స్థానంలో లీగ్‌లోని మేటి ఆటగాళ్ళ జాబితా) అయ్యాడు. సంతలో చవక సరుకూ ఉంటుంది, కళ్ళుండాలి అంతే.

క్యాప్‌గుమస్తా
మీ ఇద్దరూ తప్పు చోట తవ్వుతున్నారు. బయట కొనకపోవడం డాలస్ జబ్బు కాదు. సొంతవాళ్ళకి సంతకం పెట్టించడంలో చేసే ఆలస్యమే జబ్బు. బయట కొనడానికి డబ్బు మిగలకపోవడం ఆ జబ్బు లక్షణం.

మైకా పార్సన్స్‌నే చూడండి. 2021లో 12వ పిక్. మూడు సీజన్లు ఆడాక, అంటే 2024 మొదట్లోనే పొడిగింపు ఇవ్వొచ్చు. అప్పటికి ఎడ్జ్ రషర్లలో (అంచునుంచి క్వార్టర్‌బ్యాక్‌ని తరిమేవాళ్ళు) పై ధర నిక్ బోసాది, ఏడాదికి 34 మిలియన్లు. ఆగారు. 2025 మార్చిలో మాక్స్ క్రాస్బీ 35.5కి పెట్టాడు, అదే నెలలో మైల్స్ గారెట్ 40కి, జూలైలో టీజే వాట్ 41కి. మన జెర్రీ ఏమో ఏజెంటుని పక్కనబెట్టి పార్సన్స్‌తో నేరుగా మాట్లాడేసుకున్నానంటూ వేసవి గడిపేశాడు. ఆగస్టు 28న గ్రీన్ బేకి పంపేస్తే వాళ్ళు 47కి కట్టారు. ఏడాదిన్నరలో 34 నుంచి 47. ఈలోగా మనవాడు కొత్తగా నిరూపించుకున్నదేమీ లేదు, అంతకుముందే అందరికీ తెలుసు. పెరిగింది పక్కవాళ్ళ ధర.

రిసీవర్ (పాస్ పట్టేవాడు) సీడీ ల్యాంబ్ కథా అదే. 2024 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియా డెవాంటా స్మిత్‌ని 25కి, ఏజే బ్రౌన్‌ని 32కి కట్టేసింది. డెట్రాయిట్ సెయింట్ బ్రౌన్‌ని 30కి పట్టింది. మనం జూన్‌లో జస్టిన్ జెఫర్సన్ 35 పట్టేదాకా చూసి, ల్యాంబ్ క్యాంపుకే రాకపోతే ఆగస్టు చివర్లో 34 ఇచ్చాం.

డాక్‌ది ఇంకా ఘోరం. 2020లో ట్యాగ్ (గడువు తీరినవాణ్ణి ఒక్క ఏడాదికి కట్టి ఉంచే హక్కు) వేశారు, 31.4 మిలియన్లు. 2021లో ఏడాదికి 40 చొప్పున ఇస్తూ, ఇంకెప్పుడూ ట్యాగ్ వేయం, వాడి మాట లేకుండా ట్రేడ్ చేయం అని రాసిచ్చారు. దాంతో 2024లో చేతిలో పట్టు లేదు. వాణ్ణి వదిలేస్తే 2025 క్యాప్‌లో (జట్టు జీతాలకి లీగ్ పెట్టే పరిమితి) 40 మిలియన్ల డెడ్ మనీ (పోయినవాడి పేర మిగిలే ఖర్చు) మీదపడుతుంది. సెప్టెంబర్ 8న, సీజన్ మొదటి ఆట పొద్దున, ఏడాదికి 60 చొప్పున సంతకం చేశారు.

ఏడోరౌండు
గుమస్తా గారూ, తొందరపడి కట్టిన లెక్క కూడా చెప్పండి మరి. కార్సన్ వెంట్జ్‌కి ఫిలడెల్ఫియా 2019 జూన్‌లోనే, పాత కాంట్రాక్టులో రెండు సీజన్లుండగానే పొడిగింపు ఇచ్చింది. ఆ కొత్త ఏళ్ళు మొదలవ్వకముందే 2021లో ఇండియానాపోలిస్‌కి పంపేయాల్సొచ్చింది. 33.8 మిలియన్ల డెడ్ మనీ మింగారు. మన ట్రెవాన్ డిగ్స్‌కీ 2023 జూలైలో 97 మిలియన్ల కాంట్రాక్టు ముందే ఇచ్చారు, సెప్టెంబర్‌లో మోకాలు పోయింది. ఆగడం ఊరికే కాదు.

క్యాప్‌గుమస్తా
నిజమే, ముందే కట్టినప్పుడు కొన్ని తప్పుతాయి. కానీ వెంట్జ్ దెబ్బ తిన్న జట్టే ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కి, మరుసటి సీజన్ సూపర్ బౌల్‌కి వెళ్ళింది. ఎందుకు తట్టుకుంది? క్యాప్ 2021లో 182.5 మిలియన్లు, 2025లో 279.2. పెరిగే క్యాప్‌లో నిరుటి ధర ఎప్పుడూ చవకే. పది కాంట్రాక్టులు ముందే కట్టి రెండు చెడినా, మిగిలిన ఎనిమిదిలో ఆదా అయినదాంతో అది పూడుతుంది.

ఇక "క్యాప్ లేదు" అనే మాట. 2025 మార్చిలో డాక్ జీతంలోంచి 45.75 మిలియన్లు తీసి బోనస్‌గా మార్చారు. బోనస్‌ని గరిష్ఠంగా ఐదేళ్ళకి పంచుకోవచ్చు కాబట్టి ఏడాదికి 9.15. ఆ ఒక్క సంతకంతో ఆ ఏడు 36.6 ఖాళీ అయింది. డాక్‌కి ఒక్క డాలరూ తగ్గలేదు, పైగా డబ్బు ముందే చేతికొచ్చింది. ఇది తగ్గింపు కాదు, వాయిదా. ఏళ్ళు చాలకపోతే ఆడని ఏళ్ళు, అంటే వాయిడ్ ఇయర్స్, తగిలిస్తారు. తేడా ఎక్కడొస్తుందంటే, ఆటగాడు పోయినరోజు మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి క్యాప్ మీద పడతాయి. కాబట్టి ఇది ఖచ్చితంగా ఉంచుకునేవాడి మీదే చేయాలి, 30 దాటిన రన్నింగ్ బ్యాక్ మీద కాదు. పనిముట్టు మన దగ్గరా ఉంది, ఫిలడెల్ఫియా దగ్గరా ఉంది. వాళ్ళు దాంతో కొత్తవాళ్ళని తెస్తారు, మనం ఆలస్యపు బిల్లు కడతాం.

నీలినక్షత్రం
పార్సన్స్‌కి 47 మనవాళ్ళు ఇవ్వలేదు కదా. మరి 2025లో ఒసా ఒడిగిజువాకి ఏడాదికి 20 ఇచ్చారు. పార్సన్స్ ట్రేడ్‌లోనే వచ్చిన కెన్నీ క్లార్క్‌ది 21పైన. నవంబర్‌లో క్వినెన్ విలియమ్స్‌ని తెచ్చారు, వాడిది 24. ముగ్గురూ లైన్ నడిమధ్య నిలబడేవాళ్ళే! 65 మిలియన్లు. అంచున క్వార్టర్‌బ్యాక్‌ని తరిమేవాడేడీ? పైగా విలియమ్స్ కోసం ఒక రెండో రౌండూ, 2027 మొదటి రౌండ్ ఒకటీ, మేజీ స్మిత్‌నీ ఇచ్చారు.

క్యాప్‌గుమస్తా
ఆ 65 మన క్యాప్ లెక్క కాదన్నా. ట్రేడ్ అయినప్పుడు పాత బోనస్ వాయిదాలు పాత జట్టు నెత్తినే ఉంటాయి. క్లార్క్‌వి గ్రీన్ బేకి, విలియమ్స్‌వి జెట్స్‌కి. మనకి జీతం, రోస్టర్ బోనసే తగులుతాయి. కానీ అంచు సంగతి మీరన్నదే రైటు, దానికి నా దగ్గర జవాబు లేదు.

ఏడోరౌండు
జార్జ్ పికెన్స్ మాట కూడా తేల్చండి. 2025 మేలో పిట్స్‌బర్గ్ నుంచి తెచ్చేనాటికి కాంట్రాక్టులో ఒక్క ఏడాదే ఉంది. వెంటనే పొడిగించలేదు. సీజన్‌లో 1,429 యార్డులు పట్టాడు, ధర ఆకాశానికెక్కింది. మీ లెక్కన అదీ తప్పేనా? పిట్స్‌బర్గ్‌లో వాడి కోపతాపాలు చూసినవాడెవడైనా ఆగమనే అంటాడు.

క్యాప్‌గుమస్తా
అక్కడ ఆగడం సబబే. మన ఇంట్లో మూడేళ్ళు ఆడినవాణ్ణి కొత్తగా పరీక్షించనక్కర్లేదు, మొన్న వచ్చినవాణ్ణి పరీక్షించాలి. డాలస్ పార్సన్స్‌నీ పికెన్స్‌నీ ఒకే తక్కెడలో తూచింది.