అప్‌డేట్: పాపాయి ఫొటోషూట్ లేసు టోపీ సంగతి

మా చెల్లి పాపాయి ఫొటోల కోసం లేసు టోపీ, నిక్కరు అల్లడానికి మొహేర్ నూలు (అంగోరా మేకల బొచ్చుతో చేసే నూగు ఉన్ని) వాడొచ్చా అని అడిగాను కదా. వద్దన్నవాళ్ల మాటే విన్నాను. దాని నూగు ఊడి పసిపిల్లల ముక్కులోకి, నోట్లోకి పోతుందట. నేను తిరిగిన నెల్లూరు షాపుల్లో అక్రిలిక్ (సింథటిక్ దారం) తప్ప దొరకలేదు, అందుకే సన్నటి మెరినో (మెత్తటి గొర్రె ఉన్ని) ఆన్‌లైన్‌లో తెప్పించాను.

తల చుట్టుకొలత 35 సెం.మీ., టోపీ 32కే అల్లాను. సాగి చక్కగా పట్టింది.

అల్లగానే లేసు ముడుచుకుపోయి పాత పీలికలా ఉంటుంది, టెన్షన్ పడకండి. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, టవల్‌లో చుట్టి ఒత్తి, థర్మోకోల్ షీటు మీద కొద్దిగా లాగి గుండుసూదులు గుచ్చాక డిజైనంతా విచ్చుకుంది. సూదులు తుప్పు పట్టనివే వాడండి, తీసేటప్పుడు లెక్కపెట్టుకోండి. మన ఎండలకి సాయంత్రానికే ఆరిపోయింది.

అమ్మ మాత్రం "ఈ ఎండల్లో బిడ్డకి ఉన్నిబట్టలేందే" అని ఒకటే గొడవ. ఫొటో తీసినంతసేపే వేసి తీసేశాం.