ఫోర్డ్ ఎఫ్-150 పికప్ ట్రక్‌తో 7,000 పౌండ్ల ట్రైలర్ లాగొచ్చా?

ప్రశ్న: టెక్సస్‌లో ఉంటాం. మా ట్రక్ టోయింగ్ కెపాసిటీ (లాగగలిగే బరువు) 9,000 పౌండ్లని బ్రోషర్‌లో ఉంది. జీవీడబ్ల్యూఆర్ (సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువు) 7,000 ఉన్న క్యాంపింగ్ ట్రైలర్ కొనొచ్చాండీ? నలుగురం వెళ్తాం.

జవాబు: ముందు డ్రైవర్ డోర్ తీసి, పసుపు స్టిక్కర్ మీద పేలోడ్ (ట్రక్ తన మీద మోయగలిగే బరువు) ఎంతుందో చూడండి. ట్రైలర్ బరువులో 10–15 శాతం హిచ్ (ట్రైలర్‌ను ట్రక్‌కు తగిలించే కొక్కెం) మీద పడుతుంది. అదీ పేలోడ్ లెక్కలోకే వస్తుంది.

ప్రశ్న అడిగినవారు: 1,500 ఉందండి.

జవాబు: అయితే కుదరదు. 13 శాతం లెక్కన హిచ్ మీద 910, మనుషులు 600, వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (హిచ్ మీది బరువును ఇరుసులన్నిటికీ సర్దే పరికరం) ఓ 80. అప్పుడే 1,590! కూలర్, సామాను ఇంకా ఎక్కించనేలేదు. 5,000 లోపుది చూసుకోండి.

ఇంకొకరు: డీలర్ చెప్పే డ్రై వెయిట్ (ఖాళీ ట్రైలర్ బరువు) పట్టుకుని లెక్కేయకండి, నీళ్లే గ్యాలన్‌కు 8.3 పౌండ్లు. సామాను వెనక్కి సర్దితే హిచ్ తేలికైపోయి హైవే మీద ట్రైలర్ ఊగుతుంది. అన్నీ ఎక్కించాక ట్రక్ స్టాప్‌లో ఉండే క్యాట్ స్కేల్ (బండ్లను తూచే కాటా) మీద తూకం వేయించండి.